నాలుగు వందల గజాల ఎడం

జితేందర్ ఓడలో చచ్చిపోయాడు. ఓడి మాత్రం చావలేదు.

శుక్రవారం సాయంత్రం, మ్యూజియం మూసే వేళకి, పాత యుద్ధనౌకలోని ఐదంగుళాల ఫిరంగి గదిలో అతని శవం దొరికింది. మెడకి వైరు బిగించి, నోట్లో పెయింటు బ్రష్షు కుక్కారు. రెస్టోరేషన్ పేరుతో మూడు నెలలుగా అక్కడ రంగులు వేస్తున్న ఇద్దరు వాలంటీర్లు ఆ సాయంత్రం నుంచి కనబడలేదు. ఓడకి రంగు వేసి, తమ రంగు బయటపెట్టుకుని పోయారు.

జితేందర్ పిడికిలి విప్పితే గాజు పెంకులు రాలాయి. చచ్చేముందు అతను ఒకే ఒక పని చేశాడు. ఫిరంగికి గురి చూసే అద్దాన్ని సుత్తితో పగలగొట్టాడు.

శవాన్ని మొదట చూసింది అవని. మ్యూజియంలో ఈవెంట్స్ డైరెక్టర్. న్యూజెర్సీలో, ఎడిసన్‌లో పుట్టి పెరిగిన పిల్ల. ఆమె నడిచి వెళ్తుంటే డెక్కు మీద టూరిస్టులు ఫిరంగుల ఫొటోలు మానేసి ఆమె ఫొటోలు తీస్తారు. అవని పోలీసులకంటే ముందు ఇంకో చోటికి ఫోన్ చేసింది. ఎందుకంటే ఆమె రహస్యంగా ‘డెస్క్’ మనిషి. డెస్క్ అంటే ఏ ప్రభుత్వ కాగితం మీదా పేరు లేని ఆఫీసు.

మర్నాడు శనివారం పొద్దున్న ఎనిమిదింటికి లక్ష్మీపతి ఎడిసన్‌లో, ఓక్ ట్రీ రోడ్డు మీద, ఒక త్రెడింగ్ పార్లర్ తలుపు తోశాడు.

“కనుబొమ్మలా, పైపెదవా?” అని అడిగింది కౌంటర్ దగ్గరున్న అమ్మాయి.

“పైవాళ్ళు ఏదంటే అది,” అన్నాడు.

అదే కోడ్ వర్డ్. అమ్మాయి తెర తీసింది. వెనక గదిలో దారం పళ్ళ మధ్య పట్టుకుని నాగమల్లేశ్వరి నిలబడి ఉంది. డెస్క్‌కి ఈస్ట్ కోస్ట్ బాస్. అరవై ఏళ్ళు. ఎవరి కనుబొమ్మలైనా సరే, ఆమె చేతిలో పడితే ఒక వెంట్రుక, ఒక నిజం చొప్పున ఊడిరావాల్సిందే.

లోకానికి లక్ష్మీపతి పార్సిప్పనీలో అపార్ట్‌మెంటూ, హోండా కారూ ఉన్న సాఫ్ట్‌వేర్ టెస్టర్. తప్పులు వెతికే ఉద్యోగం. అసలు ఉద్యోగమూ అదే. కాకపోతే అక్కడ తప్పుని ఫైల్ చేస్తారు, ఇక్కడ ఫినిష్ చేస్తారు.

“కూర్చో. కళ్ళు మూసుకో. చెవులు తెరువు,” అంది నాగమల్లేశ్వరి. దారం అతని కనుబొమ మీద బిగిసింది. “ఇవాళ పదకొండింటికి నది ఒడ్డున షో. పాతకాలం యుద్ధంలో సైన్యం దీవి మీద ఎలా దిగిందో మళ్ళీ ఆడి చూపిస్తారు. పన్నెండు పడవల్లో పిల్లలూ కాలేజీ కుర్రాళ్ళూ మెరైన్ యూనిఫాం వేసుకుని బీచ్ మీదకి దిగుతారు. ఎదురుగా మన ఓడ వాళ్ళకి సపోర్టుగా ఫిరంగులు పేలుస్తుంది. గుండు ఉండదు, ఉత్త మందు.”

“మందు ఒక్కటే అయితే మంచిదే మేడమ్, వీకెండ్ కదా.”

దారం సర్రున లాగింది. నాలుగు వెంట్రుకలు. లక్ష్మీపతి కుర్చీ చేతులు పట్టుకున్నాడు.

“హార్పూన్ ముఠా. బాస్ పేరు వోర్టెక్. ఎన్నో దశాబ్దాల కిందట సీలు వేసిన ఆ ఫిరంగిని వాడి మనుషులు రంగుల మాటున రిపేరు చేశారు. బీచ్ మీద వీఐపీ టెంట్‌లో ఐదు దేశాల నేవీ ఆఫీసర్లు కూర్చుంటారు. ఆ టెంట్ మీద నిజం గుండు పడాలి. లోకం దాన్ని మ్యూజియం యాక్సిడెంట్ అనుకోవాలి. అదీ ప్లాన్.”

“షో ఆపేస్తే పోలా?”

“ఆపితే వోర్టెక్ మళ్ళీ మాయం. ఆరేళ్ళుగా వెతుకుతున్నా వాణ్ణి. అవని రాత్రే గుండు తీసేసి ఉత్త మందు పెట్టింది. ఫిరంగి తుస్సుమంటుంది, వాడు వెర్రిమొహం వేస్తాడు, మనం పట్టుకుంటాం. ఒడ్డున వాడి స్పాటర్ ఒకడుంటాడు. ఎర్ర టోపీ. వాణ్ణి తప్పించి, వాడి రేడియో తీసుకుని, ఆ చోట్లో నువ్వు నిలబడు.”

లక్ష్మీపతి ఒక కన్ను తెరిచాడు. “మేడమ్, మా అమ్మాయి వేద మొదటి పడవలో ఉంది.”

“తెలుసు. లిస్టు చూశా. అందుకే ఈ పని నీకిచ్చా.” మరో మూడు వెంట్రుకలు. “జాగ్రత్తగా చేస్తావని.”

లేచేటప్పుడు ఆమె అతని చేతిలో ఒక దారపు ఉండ పెట్టింది. చూడటానికి నూలు. లోపల స్టీలు.

“ఇది నొప్పి తెలీకుండా తీస్తుందా?” అన్నాడు.

“తెలిసేలా తీస్తుంది.”

దారి పొడుగునా డ్రైవ్ చేస్తూ లక్ష్మీపతి జితేందర్‌నే తలుచుకున్నాడు. జితేందర్‌ది కరీంనగర్. ట్రాయ్ అనే ఊళ్ళో ముప్ఫై ఏళ్ళు కార్ల ఇంజిన్లు డిజైన్ చేసి, రిటైరయ్యాక కొడుకు దగ్గరికి న్యూజెర్సీ వచ్చి, ఈ ఓడలో గైడుగా చేరాడు. ‘నౌకరీ పోయింది, నౌక దొరికింది’ అని తన జోకుకి తనే నవ్వుకునేవాడు. వేదని ఓడ చూపించడానికి తీసుకెళ్ళినప్పుడు అతను చెప్పిన పాఠం లక్ష్మీపతికి ఇంకా చెవిలో ఉంది.

“చూడు బిడ్డా, పడవల పోరగాళ్ళకి చేతుల తుపాకీ తప్ప ఏం లేదు. ఒడ్డు మీద శత్రువు సిమెంటు గూళ్ళల్ల కూసుని ఉంటడు. అందుకే పెద్ద ఓడ ముందుగాల ఆ గూళ్ళని దంచుతది. పడవలు దగ్గరికొచ్చినంక గుండ్లని లోపలికి జరుపుతది, లేకుంటే మనోళ్ళ నెత్తి మీదనే పడతయి. దిగినంక ఒడ్డు మీద ఒకడు రేడియో పట్టుకుని చెప్తడు, ఎడమకి ఇంత, ముందుకి ఇంత అని. వాడే స్పాటర్. ఓడకి కండ్లు వాడివే.”

“వాళ్ళకి వినపడకపోతే?” అంది వేద.

“అప్పుడు ‘సే అగైన్’ అనాలె. ‘రిపీట్’ అని మాత్రం సచ్చినా అనొద్దు. ఫిరంగి భాషల రిపీట్ అంటే, అదే జాగల మళ్ళొకసారి పేల్చు అని.”

సచ్చినా అనొద్దు అన్నవాడు నిజంగానే చచ్చి, ఓడ కళ్ళు తన పిడికిట్లో పట్టుకుపోయాడు.

పదిన్నరకి బీచ్ మీద ఇసుక కనబడటం లేదు, అంతా జనం. అందులో మూడు వందల మంది తెలుగువాళ్ళు. అసోసియేషన్ పిక్నిక్‌ని ఇవాళే పెట్టుకుని మూడు బస్సుల్లో దిగారు. వీఐపీ టెంట్‌ని ఆనుకునే వాళ్ళ పులిహోర లైను. లైనుకి కాపలా లక్ష్మీకాంతం గారు, రిటైర్డ్ సైన్స్ టీచర్. కోవిడ్ రోజుల్లో పట్టుకున్న అలవాటు ఆవిడని ఇంకా వదల్లేదు.

“ఎడం! ఎడం! ఆ ముందావిణ్ణి తోసుకోకండి. ఎడం పాటించండి!”

“ఆంటీ, కోవిడ్ అయిపోయి చాలా ఏళ్ళయింది,” అన్నాడొకాయన.

“మీ దగ్గు అయిపోలేదుగా. జరగండి!”

జనం నవ్వారు, కానీ జరిగారు. గరిటె ఆవిడ చేతిలో ఉంది.

ఎర్ర టోపీవాడు పార్క్ టాయిలెట్ వైపు వెళ్తుంటే లక్ష్మీపతి వెనకే వెళ్ళాడు. లోపల గడియ పెట్టాడు. మొదటి నిమిషంలో దారం వాడి బొటనవేలికి చుట్టుకుంది. రెండో నిమిషంలో వాడికి బొటనవేలు లేదు.

“మీ బాస్ ఎక్కడ?”

వాడు ఏడుస్తూ చెప్పాడు. ఓడ నుంచి చూస్తే టెంట్‌కి ఎడమ పక్కన, నాలుగు వందల గజాల దూరంలో రెల్లు నదిలోకి చొచ్చుకొచ్చిన చోట, ఆకుపచ్చ మోటారు పడవ. అంతా చెప్పాడు కనక వదిలేస్తాడనుకున్నాడు. జితేందర్ కూడా ఎవరైనా వదిలేస్తారనే అనుకుని ఉంటాడు. దారం ఈసారి మెడకి చుట్టుకుంది. లక్ష్మీపతి చేతులు కడుక్కుని, ఎర్ర టోపీ పెట్టుకుని, చెవిలో ఇయర్‌ఫోన్ దూర్చుకుని, స్పాటర్ నిలబడే చెక్క మెట్టు ఎక్కాడు. స్పాటర్ మాట జనానికి వినపడేలా అతని మైకుని లౌడ్‌స్పీకర్లకి కలిపారు. చెవిలో వచ్చేది మాత్రం అతనికొక్కడికే.

పదకొండయింది. నది మధ్య పొగ వదిలారు. తెల్లటి తెరలో యుద్ధనౌక మాయమైంది. పన్నెండు పడవలు వరసగా బయల్దేరాయి. మొదటి దానిలో వేద, హెల్మెట్ కళ్ళ మీదకి జారిపోతూ, నాన్నకి చెయ్యి ఊపింది.

ఫిరంగి మోగింది.

తుస్సు అనలేదు. ఒడ్డుకి రెండు వందల గజాల అవతల నీళ్ళు తాటిచెట్టంత ఎత్తు లేచాయి. రెండో పడవ అంచు మీద కూర్చున్న ఒక కుర్రాడు చేతులు బారజాపి వెనక్కి విరుచుకుపడ్డాడు. జనం చప్పట్లు కొట్టారు. అంత సహజంగా నటించాడని.

లక్ష్మీపతికి అర్థమైంది. అది ఉత్త మందు కాదు. గుండే. తన గుండె అన్నా ఆగాలి, ఆ గుండన్నా ఆగాలి.

“నైస్, అంకుల్,” అంది చెవిలో ఒక గొంతు. అవని.

అతను నోరు తెరిచాడు.

“నో నో. నువ్వు మాట్లాడకు. నీ మైక్ అందరికీ వినిపిస్తుంది. నేను చెప్తా, నువ్వు విను. జితేందర్ అంకుల్ మా గురి అద్దం పగలగొట్టాడు. ఆయన బాగా ఏడ్చాడు, యూ నో? నేనే వైర్ పట్టుకున్నా. ఇప్పుడు మాకు ఒడ్డు కనిపించదు. మా స్పాటర్‌ని నువ్వు చంపేశావు. సో ఓపెనింగ్ ఉంది. జాబ్ నీదే.”

లక్ష్మీపతి పడవల వైపు చూశాడు.

“యెస్, వేద. ఆ బోట్ కింద ఒక బాక్స్ ఉంది. బటన్ వోర్టెక్ దగ్గర. నువ్వు టెంట్ మీద గుండు వేయించు, వేద నీకు. లేదంటే బూమ్. డీల్? ఇంగ్లిష్ వద్దు, కాప్స్ వింటారు. తెలుగులో చెప్పు. ఓన్లీ డైరెక్షన్స్, ఓన్లీ నంబర్స్. వేరే ఒక్క వర్డ్ వచ్చినా బూమ్.”

మరుక్షణం లౌడ్‌స్పీకర్లలో ఆమె గొంతే తేనె పూసుకుని మోగింది. “లేడీస్ అండ్ జెంటిల్‌మెన్! యుద్ధాల్లో శత్రువుకి తెలియని భాషల్లో మెసేజ్‌లు పంపేవారు. ఇవాళ మన సీక్రెట్ భాష, తెలుగు!”

మూడు వందల మంది ఈలలు వేశారు. న్యూజెర్సీలో తెలుగుని సీక్రెట్ అన్న మొదటి మనిషి అవని.

లక్ష్మీపతి లెక్క వేశాడు. ‘ముందుకి రెండు వందలు’ అంటే గుండు టెంట్ మీద పడుతుంది, దాన్ని ఆనుకుని పులిహోర తింటున్న వాళ్ళ మీదా పడుతుంది. ‘వెనక్కి’ అంటే జనం వెనక్కి పరిగెడతారు, కానీ ఫిరంగి కూడా వెనక్కే వింటుంది, గుండు వేద పడవ మీదకి వస్తుంది. జనానికి ‘పారిపోండి’ అని చెప్పాలి. అవనికి అది దిక్కులా వినపడాలి. రెండు చెవుల్లో రెండు అర్థాలు పోసే ఒక్క మాట కావాలి.

వెనక నుంచి లక్ష్మీకాంతం గారి గొంతు వినపడింది. “ఎడం, బాబూ, ఎడం!”

లక్ష్మీపతి ఆకుపచ్చ పడవ దాక్కున్న రెల్లు వైపు చూశాడు. మొదటి గుండు పడిన చోటూ, ఆ రెల్లు కొసా ఓడ నుంచి దాదాపు ఒకటే దూరం. పక్కకి తేడా, నాలుగు వందల గజాలు.

“దూరం సరి,” అన్నాడు మైకులో. “కుడికి పడింది. ఎడం! ఎడం పెంచు! నాలుగు వందలు. ఎడం!”

“లెఫ్ట్ ఫోర్ హండ్రెడ్?” అంది అవని అనుమానంగా. “అంత కుడికి వెళ్ళిందా?”

“కుడికి. ఎడం పెంచు. ఎడం!”

అవని తెలుగు ఆదివారం బడి తెలుగు. ఎడం చెయ్యి, కుడి చెయ్యి, అక్కడితో పుస్తకం అయిపోయింది. పొగలో ఆమెకి ఏమీ కనపడదు. కూతురు పడవలో ఉన్న తండ్రి అబద్ధం ఆడడనుకుంది. పక్కనున్న గన్నర్‌కి తెలుగు రాదు. ఏదో దేశపు ఆర్టిలరీలో ఇరవై ఏళ్ళు చేసిన సార్జెంట్, ఫిరంగి ఇంగ్లిష్ తప్ప మరో భాష తెలియదు. ఆమె అదే లైన్లో అతనికి చెప్పింది. “లెఫ్ట్ ఫోర్ హండ్రెడ్.”

బీచ్ మీద లక్ష్మీకాంతం గారు గరిటె ఎత్తారు. “విన్నారా? నేనంటే నవ్వారు. మైకులో కూడా చెప్తున్నారు! దూరం! ఎడం! నాలుగు వందల మందికి చెప్తున్నాడాయన, జరగండి!”

“నాలుగు వందల అడుగులట్రా!” అన్నాడెవరో.

“ఎంతయితే ఏం, కదులు ముందు!”

మూడు వందల మంది ప్లేట్లతో సహా టెంట్ దగ్గర్నుంచి కుడివైపుకి చెదిరిపోయారు. లక్ష్మీకాంతం గారు టెంట్‌లోకి దూరి ఐదు దేశాల నేవీలనీ లేపారు. “సార్, యూ ఆల్సో. గ్యాప్, గ్యాప్. ప్లేట్ తీసుకోండి.” ఒక అడ్మిరల్ ఏదో అనబోయాడు. గరిటె చూసి మానుకున్నాడు.

ఫిరంగి రెండోసారి మోగింది.

రెల్లు కొస దగ్గర నీళ్ళూ బురదా కలిసి లేచాయి. ఆకుపచ్చ పడవకి ముప్ఫై గజాల దూరం. ఇంతే తేడా! లక్ష్మీపతి పళ్ళు కొరుక్కున్నాడు. పడవ ఇంజిను అరిచింది, వోర్టెక్ రెల్లు చీల్చుకుని బయటికొచ్చాడు. వాడు పాత సైనికుడు. గుండు పడిన చోట మళ్ళీ గుండు పడదని సైనికుల్లో ఒక నమ్మకం. నీళ్ళు ఇంకా నురగలు కక్కుతున్న చోటికే పడవ నడిపి, చేతిలోకి ఒక నల్ల డబ్బా తీసుకున్నాడు. బటన్.

వేద పడవ ఒడ్డుకి నూరు గజాల్లో ఉంది.

అవని ఇంకో రేడియోలో వోర్టెక్ బూతులు వింటున్నట్టుంది. గొంతు మారిపోయింది. “అంకుల్! వాట్ హ్యాపెన్డ్? గుండు ఎక్కడ పడింది?”

లక్ష్మీపతి పెదాలు కదిపాడు, మాట బయటికి రానివ్వలేదు. ముందు గొంతులో గరగర శబ్దం చేసి, తర్వాత గాలి ఊదినట్టు ఏదో గొణిగాడు.

“వాట్? వినపడలా! అంకుల్, రిపీట్! రిపీట్!”

ఆమె లైన్లోనే సార్జెంట్ ఉన్నాడు. మూడు నెలలు జితేందర్ పక్కనే తిరిగి, అతని ప్రాణం తీసింది కానీ పాఠం తీసుకోలేదు అవని. లక్ష్మీపతి చెవిలో సార్జెంట్ గొంతు, బుద్ధిగా, గర్వంగా వినపడింది.

“రిపీట్. ఫైరింగ్.”

గుండు నురగ మధ్యలోనే పడింది. ఆకుపచ్చ పడవ ఉన్న చోట ఎర్రగా ఏదో పైకి లేచి, వానలాగా రెల్లు మీద పడింది. నమ్మకం ఒక్కటే మిగిలినట్టుంది, వోర్టెక్‌ది ఇంకేం మిగల్లేదు. అవని రెండుసార్లు అంది కనక సార్జెంట్ రెండోదీ పేల్చాడు. ముక్కలు మరిన్ని ముక్కలయ్యాయి. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

సార్జెంట్ ఆ తర్వాత ఇంకో గుండు ఎక్కించబోతుంటే టూరిస్టుల గుంపులోంచి ఒక పెద్దావిడ ఫిరంగి గదిలోకి వచ్చింది. నాగమల్లేశ్వరి. వాడి చెయ్యి లోపల ఉండగానే ఫిరంగి తలుపు లాగి మూసింది. అవని డెక్కు మీదికి పరిగెత్తింది. అక్కడ పార్లర్ అమ్మాయి నవ్వుతూ నిలబడి ఉంది, చేతిలో దారంతో.

ఒంటిగంటకి లక్ష్మీపతి ఓడ ఎక్కాడు. అవనిని జితేందర్ చనిపోయిన గది గుమ్మానికే కట్టేశారు. లిప్‌స్టిక్ చెదరలేదు. ఒక కనుబొమ మాత్రం పూర్తిగా లేదు.

“ఎడం అంటే లెఫ్ట్,” అంది అతన్ని చూడగానే. “తెలుగు క్లాస్‌లో ఐ గాట్ ఏ ప్లస్. ఎడం అంటే లెఫ్ట్, అంకుల్!”

“అదీ లెఫ్టే, అమ్మా. కానీ నీకూ మాకూ మధ్య ఉన్నదాన్ని కూడా ఎడమే అంటారు.”

నాగమల్లేశ్వరి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. “కింద జితేందర్ కూర్చునే గదికి తాళం వేయించా. అతను కట్టుకొచ్చిన టిఫిన్ డబ్బా ఇంకా అందులోనే ఉంది.” నదివైపు వేలు చూపింది. “రెండో పడవలో కుర్రాడు పోయాడు. నీరజ్. ఇరవై రెండేళ్ళు. రట్గర్స్ యూనివర్సిటీలో చదువుతున్నాడు.”

“రిపోర్టులో ఏమని రాస్తారు?”

“మ్యూజియం యాక్సిడెంట్.”

వోర్టెక్ రాయించాలనుకున్న మాట కూడా అదే. చెప్పినా ఆమె రాసేది మారదు. కింద ఒడ్డున ఇంకా కొంతమంది నీరజ్ నటన గురించే చెప్పుకుంటున్నారు.

మెట్ల మీద బూట్ల చప్పుడు. వేద పైకొచ్చింది. హెల్మెట్ చంకలో, యూనిఫాం తడి, ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. లక్ష్మీపతి రెండు చేతులతో కూతుర్ని పట్టుకుని, చిన్నగా ఒక మాట అన్నాడు.

“నాన్నా, వినపడలేదు,” అంది వేద. “రిపీట్?”

డెక్కు మీదున్న డెస్క్ వాళ్ళందరూ ఒక్కసారిగా నేలకి కరుచుకున్నారు. నాగమల్లేశ్వరి కూడా.

“‘మళ్ళీ చెప్పు’ అనాలి, తల్లీ,” అన్నాడు లక్ష్మీపతి, కూతుర్ని కింద దాచుకుని, బోర్లా పడుకునే.